వియ్యంకుడి సాక్ష్యం

“మాట తడబడిందండీ అయ్యగారూ, అంతే. పెద్దాయన గదా. మైకు చేతికిచ్చేసరికి కంగారుపడ్డాడు.”

హాల్లో దేవానందం మాస్టారు ఫోను చెవికి ఆనించుకుని పచార్లు చేస్తున్నారు. పొద్దున కాఫీ తాగిన దగ్గర్నుంచి ఇదే మాట. మొదట సంఘం కోశాధికారికి చెప్పారు, తర్వాత స్త్రీల సమాజం ప్రెసిడెంటుకు చెప్పారు, ఇప్పుడు పాస్టరుగారికి చెబుతున్నారు. చెప్పేకొద్దీ ఆయన గొంతులో నమ్మకం పెరుగుతోంది. ఇంకో ఇద్దరికి చెబితే ఆయనే నమ్మేసేట్టున్నారు.

వంటింటి గుమ్మంలో కూర్చుని పాపకు ఇడ్లీ ముక్కలు పెడుతున్న నిరోషకు ఒళ్ళు మండిపోతోంది. రక్తపరీక్షల ల్యాబులో పనికి సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉండిపోయింది. ఈ మంటతో ఎవరి చేతికైనా సూది గుచ్చితే ఆ మనిషి గతి ఏమవుతుందోనని భయపడింది.

ఆదివారం నాడు పాపకు ఏడాది నిండిన కృతజ్ఞత కూడిక. కోటప్పకొండ తిరనాళ్ళ హడావుడి అయిపోవడంతో నరసరావుపేటలో షామియానాలు చవగ్గా దొరికాయని మాస్టారు వీధి పొడుగునా వేయించారు. పిల్లకు తల్లి తరఫు తాతను ముందుగా సాక్ష్యానికి లేపడం ఆ సంఘంలో ఆనవాయితీ. మాస్టారే స్వయంగా మైకు తీసుకెళ్ళి వియ్యంకుడి చేతిలో పెట్టారు. ఉన్నదున్నట్టు చెప్పి దేవుణ్ణి స్తుతించండి పెద్దాయనా అని పాస్టరుగారు ప్రోత్సహించారు. ఆ మాట విని నిరోష తండ్రి చినపోలయ్య ఉన్నదున్నట్టే చెప్పాడు.

“అందరికీ వందనాలు. మేం యానాదోళ్ళం. నూజెండ్ల కాడ బత్తాయి తోటకి కాపలా ఉంటా. రైతులు పిలిస్తే పోయి చేలల్లో పొగకుండ పెట్టి ఎలకలు పడతా. మా పిల్ల కూతురికి ఏడాది నిండింది. దేవుడికి స్తోత్రం.”

అంతే చెప్పి కూర్చున్నాడు. షామియానా కింద జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బిర్యానీ వడ్డించే కుర్రాళ్ళు కూడా గరిటెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

నిరోషకు ముందు ఏమీ అర్థం కాలేదు. చేతులు కడుక్కునే చోట ఒకావిడ దగ్గరగా వచ్చి, “అదేందమ్మా, మీరు మాలోళ్ళేనని మాస్టారుగారు పెళ్ళప్పుడు చెప్పారే,” అని అడిగినప్పుడు అర్థమైంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాలుగేళ్ళ నుంచీ తన మనుషుల్ని ఇంకొకరుగా చెప్పుకుని తిరుగుతున్నారని అప్పుడు తెలిసింది.

మాస్టారు ఫోను పెట్టేసి, కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు తుడుచుకున్నారు. నిరోష పాపను కిందికి దించి హాల్లోకి వెళ్ళింది.

“మామయ్యా, మా నాయనకి మాట తడబడలేదు.”

“నాకు తెలుసమ్మా.”

“తెలిసీ అందరికీ అట్టా ఎందుకు చెప్తన్నారు?”

“నీ కోసమే.”

“నా కోసమైతే నన్ను అడగాలి గదా. నాలుగేళ్ళల్లో ఒక్కసారన్నా అడిగారా?”

“అడిగేదేముంది? పెళ్ళయ్యాక నువ్వు మా పిల్లవి. మా పేరే నీ పేరు.” మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి. ఎదుటి మనిషి కోపంగా ఉన్నప్పుడు ఆయన గొంతు మరింత మెత్తబడుతుంది. “ఆ మాటకి అర్థం తెలుసా నీకు? అనాది నుంచి ఉన్నవాళ్ళని కొందరు పండితులు చెబుతారు. ఈ నేల మీద అందరికన్నా ముందున్నవాళ్ళని. ఎంత గొప్ప మాట. దాన్ని జనం తిట్టు చేసి పారేశారు. జనానికి బుద్ధొచ్చేదాకా దాన్ని మనం లోపల దాచుకుంటే తప్పేంది?”

“గొప్ప మాటైతే, మైకులో చెప్పిన మనిషిది తడబాటు ఎట్టా అయింది?”

మాస్టారికి ఆ ప్రశ్న నచ్చలేదు. టీపాయ్ మీది పేపరు తీసి మడిచి మళ్ళీ అక్కడే పెట్టారు.

“వాదనలు వద్దు. వచ్చే ఆదివారం మీ నాన్న వచ్చి సంఘం ముందు ఒక్క ముక్క చెబుతాడు. యానాదుల మధ్య బతికాం గనక అట్టా అన్నాను, మేం యానాదులం కాదు అని. అంతటితో ఇది అయిపోయిద్ది.”

“చెప్పడు.”

“ఎందుకు చెప్పడు? నీ కాపురం కంటే ఎక్కువా?”

కాపురం అనే మాటను ఆయన ఎంత మెత్తగా అన్నారంటే, అది బెదిరింపని నిరోషకు ఒక క్షణం ఆలస్యంగా తట్టింది.

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే నువ్వూ పాపా కొన్నాళ్ళు నూజెండ్లలో ఉండి రండి. ఇక్కడ గొడవ సద్దుమణగనీ.”

“ఎన్నాళ్ళు?”

మాస్టారు ఫోను తీసుకుని ఇంకెవరి నంబరో వెతకడం మొదలుపెట్టారు.

*

పెరట్లో దయామణి డేగిసాలు తోముతోంది. వంటసామాను అద్దెకిచ్చిన షాపువాడు సాయంత్రానికి పంపమన్నాడు. ఆదివారం మధ్యాహ్నం నుంచి అత్తగారు కోడలితో నోరు విప్పి మాట్లాడింది లేదు. పాలు కాచావా, పాప నిద్రపోయిందా, అంతకుమించి ఒక్క మాట లేదు. చింతపండు పెట్టి ఆ మసిగిన్నెల్ని రుద్దే రుద్దుడు చూస్తే, ఆదివారం జరిగిందంతా వాటి అడుగునే అంటుకుందేమో అనిపిస్తుంది.

నిరోష పక్కనే కూర్చుని తోమిన గిన్నెలు కుళాయి కింద కడగసాగింది.

ఈలోగా పాప పాక్కుంటూ వచ్చి, తోమని డేగిసాలో రెండు చేతులూ పెట్టి, ఆ చేతుల్తో మొహం రుద్దుకుంది. బుగ్గలూ నుదురూ నల్లగా అయిపోయాయి. జుట్టు ఎలాగూ రేగి ఉంది.

“ఛీ ఛీ, ఏందే ఆ మొహం, యానాది దానిలాగా,” అంది దయామణి.

అనేసి చేతిలో పీచు పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిరోష కుళాయి కట్టేసింది.

“ఆపారేంది అత్తయ్యా? ఇంకా ఏమన్నా ఉంటే అనండి.”

“నోటి అలవాటే. నిన్ననలేదు.”

“పాపనన్నారు.”

“పాపనీ అనలేదు. ఊరికే వచ్చింది. తల దువ్వుకోకపోతే మా అమ్మ మమ్మల్ని అట్టాగే అనేది. వాళ్ళమ్మ ఆమెనీ అని ఉంటది.”

“మీ పేటలో కూడానా?”

“ఏం, మా పేటలో మాత్రం మనుషులు లేరా?” దయామణి పీచు విసిరేసింది. రెండు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. “పైవాళ్ళు మమ్మల్ని అన్నారు. మేం ఇంకొకళ్ళని అన్నాం. ఎవర్నీ ఏమీ అనకుండా పెరిగినోళ్ళు ఎవరో చూపించు నాకు. నువ్వు యానాదోళ్ళ పిల్లవని పెళ్ళికి ముందే తెలుసు నాకు. వద్దన్నానా? నా కొడుకు కావాలన్నాడు, సరే అన్నా. ఒక్కపూట నీకు అన్నం తగ్గించానా?”

“లేదు.”

“మీ నాయన వస్తే పెట్టలేదా?”

“పెట్టారు. ఆయన తింటన్నంతసేపూ వీధి తలుపు దగ్గరగా వేసి పెట్టారు. దుమ్ము పడుద్దని వేస్తన్నారనుకున్నా ఇన్నాళ్ళూ.”

దయామణి మొహం ఎర్రబడింది. పాపను లాక్కుని, కొంగు తడిపి, బుగ్గలు తుడవడం మొదలుపెట్టింది. గట్టిగా తుడిచేసరికి పాప ఏడుపు అందుకుంది.

నిరోషకు బొరియల రోజులు గుర్తొచ్చాయి. గట్ల పక్కన ఎలకలు పడితే చాలు, తెల్లారకముందే రైతులు మోటారు సైకిళ్ళేసుకుని గుడిసె ముందుకొచ్చేవాళ్ళు. మా యానాది ఏడీ, మా యానాది లేకపోతే ఈ ఏడు పంట దక్కదు అంటూ నాయన భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు. అప్పుడు ఆ పేరు ఎంత ముద్దుగా ఉండేదో. అదే రైతు వారం తిరక్కుండానే చెప్పిన పని చెయ్యని పాలేరును ఆ పేరుతోనే తిట్టేవాడు. మాట ఒకటే, నోరూ ఒకటే. ఆ వయసులో ఆమెకు అది వింతగా ఉండేది. ఇప్పుడు అసహ్యంగా ఉంది.

“పిల్లని ఇవ్వండి అత్తయ్యా,” అంది.

దయామణి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు కోడలి కళ్ళలోకి చూడలేదు.

*

పక్కింటి ప్రహరీ గోడ మీంచి జైనాబ్ బీ తల కనిపించింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఈ వీధిలో గట్టిగా మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అలాంటిది, ఇవాళ గొంతు తగ్గించింది.

“నిరోషా, ఒకపాలి ఇటు రా తల్లీ. మీ నాయన మా వరండాలో కూర్చోనున్నాడు. మీ ఇంటికి పోవయ్యా అంటే పోడు. మా ఇంట్లోకి రమ్మన్నా రాడు. అల్లుడు వచ్చేదాకా ఇక్కడే ఉంటానంటన్నాడు.”

నిరోష పాపను చంకనేసుకుని వెళ్ళింది. కుట్టుమిషను పక్క బల్ల మీద చినపోలయ్య ఒక చివరకు ఒదిగి కూర్చున్నాడు. పక్కన సంచీ నిండా బత్తాయిలు. మనవరాలిని చూడగానే చేతులు చాచాడు. పాప దూకేసింది.

“ఎందుకొచ్చావు నాయనా?”

“అల్లుడు ఫోన్ చేశాడు. రమ్మన్నాడు.”

“దేనికంట?”

చినపోలయ్య పాప వేళ్ళు లెక్కపెడుతున్నట్టు ఒక్కో వేలూ పట్టుకుని ఆడిస్తూ, “ఆదివారం చెప్పే మాట మాస్టారుగారు నేర్పిస్తారంట,” అన్నాడు.

నిరోషకు తల కొట్టేసినట్టయింది. మామగారు ఒక్కరే అనుకుంటోంది. మొగుడు జయపాల్ కూడా ఇందులో ఉన్నాడు. రాత్రి దాచేపల్లి నుంచి ఫోనులో, అంతా సర్దుకుంటుందిలే పడుకో, అన్నాడు. ఆ సర్దడం ఇదన్నమాట.

“నువ్వు ఒప్పుకున్నావా?”

“ఒప్పుకున్నా.”

“నాయనా.”

“ఏందమ్మా? ఒక్క మాట వెనక్కి తీసుకుంటే ఏం పోయిద్ది? గుళ్ళో కాదని చెప్తా. చెప్పి బస్సెక్కి పోతా. పొద్దున్నే బొరియ కాడికి పిలిచే రైతు ఏ పేరుతో పిలుస్తాడు? ఆ పేరుతోనే. యాడికీ పోదు అది.”

“అయితే ఆదివారం ఎందుకు చెప్పావు?”

“ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు గదా అయ్యగారు.”

“ఉన్నదాన్ని ఇప్పుడు లేదంటావా? బళ్ళో స్కాలర్‌షిప్పుకి యానాదోళ్ళ పిల్లలు లేచి నిలబడండి అనేవాడు సారు. నేను లేస్తే క్లాసు క్లాసంతా నవ్వేది. ఇంటికొచ్చి ఏడిస్తే ఏమన్నావు? నిటారుగా లెయ్యి, వంగి లేస్తే ఇంకా నవ్వుతారు అన్నావు. నువ్వే అన్నావు. నేను పదో తరగతి దాకా నిటారుగానే లేచా. ఇప్పుడు నువ్వు వంగుతావా?”

మిషను దగ్గర జైనాబ్ బీ కుట్టడం ఆపేసింది.

“మా మామయ్య మన పేరుకి అర్థం కూడా చెప్పాడు,” అంది నిరోష. ఏడుపును కోపంతో అణుచుకుంటోంది. “నీకు తెలుసా దాని అర్థం?”

“అర్థమా? పేరుకి అర్థమేంది? పిలిస్తే పలకటానికి గదా.” ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ఇదిగో నిరోషమ్మా. నువ్వు ఈ బిడ్డనేసుకుని తోటలో కాపలా గుడిసెకి వచ్చావనుకో, ఊళ్ళోవాళ్ళు నా మొహాన ఏమంటారో తెలుసా? యానాది పిల్లకి పట్నం కాపురం నిలబడుద్దా అంటారు. ఆ మాట నేను పడలేను. దానికంటే ఈ మాట తేలిక.”

“నీకు తేలిక.”

“నాకు తేలికేనని చెప్పానా?” అన్నాడు చినపోలయ్య. మొదటిసారి ఆయన గొంతు కూడా లేచింది. “నాకు తేలికేనని చెప్పానా నీకు?”

పాప బెదిరి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. జైనాబ్ బీ లేచి లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు ఎవరూ తాగలేదు.

*

పొద్దుగూకకముందే జయపాల్ దాచేపల్లి నుంచి వచ్చాడు. ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు అయిపోగానే బయల్దేరినట్టున్నాడు, చొక్కా మడతల్లో సిమెంటు పొడి ఇంకా ఉంది. బండి స్టాండు వేసి, పక్కింటి వరండాలోంచి మామను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చాడు. అంత మర్యాదగా తీసుకురావడం చూసి నిరోషకు ఇంకా కాలింది.

“నువ్వేనా ఫోన్ చేసింది?”

“నేనే. రెండు నిమిషాల పని నిరోషా. చెప్పేస్తే అందరూ మర్చిపోతారు.”

“నన్ను చేసుకునేటప్పుడు మీ నాయనకి ఏం చెప్పావు?”

“ఉన్నదే చెప్పా.”

“మరి ఆయన ఊరందరికీ లేనిది చెప్తంటే నాలుగేళ్ళు ఏం చేశావు?”

జయపాల్ చొక్కా గుండీలు విప్పుకుంటూ నిలబడ్డాడు. కుర్చీలోంచి మాస్టారు లేచారు.

“వాణ్ణనబాకు. అనాలంటే నన్ను అను. నేను చెప్పింది అబద్ధమే, ఒప్పుకుంటున్నా. ఎందుకు చెప్పానో కూడా విను.” ఆయన గొంతులో ఇప్పుడు మెత్తదనం లేదు. “నా మొదటి పోస్టింగు మాచర్ల అవతల. ఊళ్ళో ఇల్లు ఖాళీగా ఉంది. ఎవరన్నా అడిగితే ఫలానా కులమని చెప్పు పంతులూ, తాళం ఇచ్చేస్తా అన్నాడు ఆ ఇంటాయన. మంచోడే పాపం. నేను మాలవాణ్ణి, అడిగితే అదే చెబుతా అన్నా. వానాకాలమంతా బడి వరండాలో ఉన్నాం. వీడు కడుపులో ఉన్నాడు అప్పుడు. జల్లు కొడుతుంటే పుస్తకాల బీరువా అడ్డం పెట్టుకుని పడుకున్నాం. నేను తలెత్తుకు తిరిగా సరే. పడింది ఎవరు? మీ అత్తయ్య. నా ఇంట్లో ఇంకో ఆడపిల్ల అట్టా పడకూడదనుకున్నా. అది తప్పా?”

ఆ వరండా కథ నిరోష ఇంతకుముందు విన్నదే. పెళ్ళిలో విన్నది, క్రిస్మస్ కూడికల్లో విన్నది. విన్నప్పుడల్లా ఇలాంటి మామగారు దొరికినందుకు గర్వపడింది. ఆ కథ ఆయన ఇంత బాధగా చెప్పడం మాత్రం ఇదే మొదలు. ఆయన మీద జాలి కలిగింది, జాలి కలిగినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

“సరే, ఇక కానిద్దాం,” అన్నారు మాస్టారు. “రావయ్యా చినపోలయ్యా, ఇట్టా నిలబడు.”

జనం ముందు బావగారూ అని నోరారా పిలిచే మనిషి, ఇంట్లో ఎప్పుడూ ఇంతే.

చినపోలయ్య పాపను అల్లుడి చేతికిచ్చి గోడవారగా నిలబడ్డాడు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

“నేను చెప్పినట్టు చెప్పు. ఆ రోజు నేను పొరపాటుగా మాట్లాడాను.”

“ఆ రోజు నేను పొరపాటుగా మాట్లాడాను.”

“మేము యానాదుల మధ్య నివసించాము.”

“మేము యానాదుల మద్దె బతికాం.”

“మధ్య. నివసించాము.”

“మధ్య. నివసించాము.”

“అందువల్ల అలా అన్నాను. మేము యానాదులం కాము.”

నిరోష తండ్రినే చూస్తోంది. ఆయన మాత్రం ఎదురుగోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ ఒక్క ఊపిరిలో అనేశాడు.

“అందువల్ల అలా అన్నాను. మేము యానాదులం కాము.”

“బాగుంది. చివరిది మాత్రం కొంచెం గట్టిగా. వెనక బెంచీల దాకా వినపడాలి.”

“మేము యానాదులం కాము,” అన్నాడు చినపోలయ్య గట్టిగా.

జయపాల్ చంకలో పాప తాత గొంతు విని నవ్వింది. జయపాల్ తల దించుకున్నాడు.

నిరోష ముందుకొచ్చింది.

“మా నాయన చానా బాగా చెప్పాడు. ఇప్పుడు మీరు చెప్పండి మామయ్యా.”

“నేనేం చెప్పాలి?”

“నేను మాలవాణ్ణి కాను అని చెప్పండి. మీరూ అట్టాగే గోడవారగా నిలబడి, వెనక బెంచీల దాకా వినపడేట్టు. మీరు చెబితే ఆదివారం మా నాయన చెబుతాడు. నేనే పక్కన నిలబడి చెప్పిస్తా. ఆ తర్వాత ఈ ఇంట్లో ఈ ఊసు ఎత్తను.”

“నిరోషా, ఏందా మాటలు?” అన్నాడు జయపాల్.

“నువ్వు ఆగు. నాలుగేళ్ళు ఆగావు గదా, ఇంకో నిమిషం ఆగు.”

మాస్టారు కోడలి వైపు చూశారు. నవ్వబోయారు, నవ్వు రాలేదు.

“నేను చెప్తే అయిపోయిద్దా?”

“అయిపోయిద్ది.”

“అదెంతసేపు?” అన్నారు మాస్టారు. “నాలుగు గోడల మధ్య ఒక మాట. అదెంతసేపు?”

ఆయన చొక్కా సర్దుకున్నారు. గొంతు సవరించుకున్నారు. వేల మంది పిల్లలకు పద్యాలు అప్పజెప్పించిన గొంతు. “నేను” అన్నారు. ఆగారు. మళ్ళీ “నేను” అన్నారు. నుదుటి మీద చెమట పట్టింది. చినపోలయ్య ఆయన అవస్థ చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“నేను మా...”

“అనబాకండి.”

వంటింటి గుమ్మంలో దయామణి నిలబడి ఉంది. తోముడు మసి మోచేతుల దాకా అలాగే ఉంది.

“నువ్వు లోపలికెళ్ళు,” అన్నారు మాస్టారు.

“ఎళ్ళను. ఆ మాట ఆ పొద్దు అని ఉంటే నాకు ఇల్లు దొరికేది. వానలో నీళ్ళు కారే వరండాలో, కడుపుతో, చాప పరుచుకుని ఎందుకు పడుకున్నా నేను? మీరు ఆ మాట అనే మనిషి కాదనే గదా. నన్ను పడనిచ్చానని ఇప్పుడు బాధపడుతున్నారంట. నేను బాధపడ్డానని ఎప్పుడన్నా మీతో అన్నానా? ఇయ్యాల బెంచీల మీద కూర్చునేవాళ్ళ కోసం ఆ మాట అంటే, ఆ ఏడాది నేను తడిసింది ఎందుకంట?”

దయామణి గుమ్మం దాటి వచ్చి చినపోలయ్య ఎదురుగా నిలబడింది. ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె ఆయన్ను ఏ వరసా పెట్టకుండా, కూర్చోండి, తినండి అని మాత్రమే పలకరించేది.

“అన్నయ్యగారూ, మీరు కూడా ఆదివారం ఆ మాట అనబాకండి.”

చినపోలయ్య నోరు తెరుచుకుని ఆమెను చూశాడు. పొద్దున పాప మొహాన ఆమె అన్న మాట ఇంకా నిరోష చెవుల్లోనే ఉంది. ఆ కోపం పోలేదు. పోకపోయినా, ఆమె పక్కకు వెళ్ళి నిలబడింది.

మాస్టారికి ఇప్పుడు నిజంగా కోపమొచ్చింది. అందరూ తన ఎదురుగా ఒక పక్కన నిలబడ్డట్టు ఉంది ఆయనకు.

“అయితే నన్ను గుళ్ళో నిలబెట్టి అబద్ధాలకోరుని చేస్తారా? మీ అందరి ఉద్దేశం అదేనా? ముప్పై ఏళ్ళు సంపాదించుకున్న పరువు నాది. వినండి. ఆదివారం ఆయన ఆ మాట చెప్పి తీరాలి. చెప్పకపోతే, సోమవారం పొద్దునకల్లా ఈ పిల్లా, పాపా నూజెండ్లలో ఉండాలి.”

“నాన్నా,” అన్నాడు జయపాల్.

“నువ్వు నోరు మూసుకో.”

దయామణి కొంగుతో చేతుల మసి తుడుచుకుంది. మొగుడితో ఇంకేమీ మాట్లాడలేదు. చినపోలయ్య వైపు తిరిగి, “నూజెండ్లకి పోను వినుకొండ బస్సు పొద్దున్నే ఎన్నింటికి ఉంటది అన్నయ్యగారూ?” అని అడిగింది. “వాళ్ళతోపాటు నేనూ వస్తా.”